పాల పుస్తకం, పారిస్ ఒప్పందం

2021 డిసెంబరు 13న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో ఒక తీర్మానం ఓటింగుకు వచ్చింది. వాతావరణ మార్పు వల్ల ఆకలి, వలసలు, గొడవలు పెరుగుతున్నాయి కాబట్టి శాంతి భద్రతల విషయం మాట్లాడేటప్పుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఐర్లండ్, నైజర్ కలిసి పెట్టిన తీర్మానం అది. మండలిలో ఉన్న 15 దేశాల్లో 12 సరేనన్నాయి. చైనా ఎటూ ఓటెయ్యలేదు. రష్యా వద్దంది. దానికి వీటో ఉంది కాబట్టి తీర్మానం అక్కడితో పోయింది. వద్దన్న రెండో దేశం మనదే.

ఆ రోజు సోమవారం. సోమవారమంటే ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే రోజు. తిరుపతిలో నాకొక చిన్న జెరాక్స్, డీటీపీ షాపు ఉంది. మా నాయన టైపు మిషను మీద అర్జీలు కొట్టేవాడు, నేను కంప్యూటర్లో కొడతాను. సోమవారమొస్తే పొద్దున ఏడు గంటలకే మెట్ల మీద జనం కూర్చుని ఉంటారు. నవంబరు వరద పోయి అప్పటికి నెల కూడా కాలేదు. వచ్చిన అర్జీల్లో ఎక్కువ భాగం వరదవే. ఇల్లు పడిపోయిందని, పొలంలో ఇసుక మేట వేసిందని, పశువులు కొట్టుకుపోయాయని. రాత్రి షాపు మూశాక ఫోన్లో ఆ ఓటు వార్త చదివి చాలాసేపు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచీ ఈ వాతావరణ సభల తీర్మానాలు వెతుక్కుని చదువుతున్నాను. ఏ కాగితంలో ఏ షరతు ఉంటే మనిషికి డబ్బు అందుతుందో, ఏ షరతు ఉంటే అందదో చూడడమే నా పని గనక, ఆ కాగితాలు నాకు కొత్తగా అనిపించలేదు.

అంతకు నెల ముందు సంగతి చెప్పాలి. ఐక్యరాజ్య సమితి ఏటా జరిపే వాతావరణ సభల్లో 26వది, గ్లాస్గోలో జరిగిన కాప్-26, నవంబరు 13న ముగిసింది. ఆ సభకు పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలు విదేశాంగ మంత్రి సైమన్ కోఫే ఒక వీడియో పంపాడు. కోటు, టై వేసుకుని, ప్యాంటు పైకి మడిచి, మోకాళ్ల లోతు సముద్రపు నీళ్లలో నిలబడి మాట్లాడాడు. అతను నిలబడ్డ చోటు ఒకప్పుడు పొడి నేలట. ఆ వీడియో మా వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది. 18వ తేదీ గురువారం మాకు వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండం 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. శేషాచలం కొండలకు తగులుకున్న మేఘం ఇక్కడే కుమ్మరించింది. అలిపిరి మెట్ల మీద మనిషి కాలు నిలవనంత నీళ్లు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నిండిపోయింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనబడని స్వర్ణముఖి, తిరుచానూరు దగ్గర గట్టును ఇళ్లతో సహా కోసుకుపోయింది. రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. పక్కనే రాజంపేట వైపు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 19 పొద్దున తెగి మందపల్లి, పులపత్తూరు, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద పడింది. ఆ ఊళ్ల పేర్లు ఈ రోజుకీ నాకు గడగడా వస్తాయి. ఆ వారం టీవీలో మాత్రం సాగు చట్టాలు వెనక్కి తీసుకున్న వార్తే ఎక్కువ.

ఆ ఒక్క వానకు వాతావరణ మార్పే కారణమని నేను చెప్పను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుందని సైన్సు చెబుతోంది. కురిసేది ఇంకా గట్టిగా కురుస్తుంది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ కాలువలు పూడ్చి ప్లాట్లు వేసింది మాత్రం మనవాళ్లే. రెండూ నిజమే. కానీ రెండిట్లోనూ చెయ్యి లేని మనుషులే గట్టు మీద ఉంటారు.

అలాంటి ఒకామె నవంబరు ఆఖర్లో షాపుకొచ్చింది. స్వర్ణముఖి గట్టు మీద రేకుల ఇల్లు, పోరంబోకు స్థలం, పట్టా లేదు. రెండు జెర్సీ ఆవులతో సంసారం నడిపేది.

"నాయనా, నాకొక అర్జీ రాసియ్యి. రెండావులూ పాయ."

"పశువుల డాక్టరు చీటీ ఉందా అక్కా?"

"ఆయప్ప కళేబరం యాడుందని అడిగె. ఏట్లో పోయినదానికి కళేబరం యాడ్నుంచి తెచ్చేది?"

పశువు చచ్చిపోతే డాక్టరు చూసి రాసిస్తాడు, అది పెడితేనే పరిహారం. పశువు దొరకలేదంటే చచ్చినట్టు రుజువు లేదు. చెవి పోగు నంబరు ఉందా అని అడిగాను. పసుపు పోగు ఆవు చెవికే ఉంది, ఆవు లేదు. ఆమె ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, సంఘం పుస్తకం, అన్నిటికంటే కింద పాల పుస్తకం. అట్ట నాని ఉబ్బిపోయింది. లోపల గీతలు గీసిన గళ్లు: తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, రూపాయలు. పాల కేంద్రంలో రాసే కుర్రవాడి బాల్ పెన్ను ఇంకు పేజీ అంతా పాకింది. ఉదయం ఇంత, సాయంత్రం ఇంత అని వరుస తప్పకుండా వచ్చి 18 ఉదయం దగ్గర ఆగిపోయింది. ఆ సాయంత్రం గడి ఖాళీ. ఆ తరువాత పుస్తకమంతా ఖాళీ.

ఆ పేజీని స్కానర్ మీద పరిచి, వెలుగు తగ్గించి, పెంచి, ఆఖరి వరుస చదవడానికి వీలయ్యే దాకా మళ్లీ మళ్లీ తీశాను. రెండు ఆవులుంటేనే అన్ని పాలు వస్తాయని, 18 సాయంత్రం నుంచి చుక్క కూడా పొయ్యలేదని, పాల పుస్తకం నకలు జతపరిచామని అర్జీలో రాశాను. నా ఎరికలో అంతకంటే నిజమైన సాక్ష్యం లేదు. బియ్యం, పప్పు, తక్షణ సాయం కింద కొంత డబ్బు ఆమెకు అందాయి. ఆవులకు ఏమీ రాలేదు, ఇంటికీ రాలేదు.

ఇల్లు పోతే ఎందుకు రాలేదో కాగితం మీదే ఉంది. విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన నిబంధనల్లో అప్పట్లో పాడి పశువుకు 30,000 రూపాయలు, మైదానంలో పూర్తిగా పడిన ఇంటికి 95,100 రూపాయలు. 2022లో వాటిని 37,500కు, 1,20,000కు పెంచారు. ఆ అంకెల పక్కనే ఒక షరతు ఉంది: పడిపోయిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమేనని అధికారి ధ్రువీకరించాలి. గట్టు మీద, చెరువు ముంపులో, వంక పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ ధ్రువీకరణ ఎవరిస్తారు? వేరే చోట స్థలం దొరకదు కాబట్టే వాళ్లక్కడ ఉన్నారు. వరద ముందుగా వచ్చేది వాళ్లింటికే, సాయం ఆగిపోయేదీ వాళ్ల గడప దగ్గరే.

పారిస్ ఒప్పందం చదివినప్పుడు సరిగ్గా ఇలాంటి షరతే కనబడింది. 2015 డిసెంబరు 12న ఆమోదించిన ఆ ఒప్పందంలో 8వ అధికరణ నష్టాల గురించి చాలా మంచి మాటలు చెబుతుంది. కానీ ఒప్పందాన్ని ఆమోదిస్తూ చేసిన నిర్ణయంలో 51వ పేరా ఉంది: ఆ అధికరణను ఆధారం చేసుకుని ఎవరి మీదా బాధ్యత మోపడానికి గానీ, పరిహారం అడగడానికి గానీ లేదు. నష్టం జరిగిందని ఒప్పుకుంటాం, దాని పేరుతో మమ్మల్ని డబ్బు అడగొద్దు అని. ఆ పేరా మీద బేరాలు సాగిన రోజుల్లోనే చెన్నై మునిగింది. మా వైపు కూడా చెరువులకు గండ్లు పడ్డాయి.

ఈ అడగడం 2015లో మొదలైంది కాదు. 1991లోనే వనువాటు అనే చిన్న దీవుల దేశం, తనలాంటి దీవులన్నిటి తరఫున, సముద్రం పెరిగి మునిగే దేశాల కోసం ఒక బీమా నిధి పెట్టమంది. పొగ ఎక్కువ వదిలిన సంపన్న దేశాలు దానికి డబ్బు కట్టాలంది. 1992లో కుదిరిన ఐక్యరాజ్య సమితి వాతావరణ ఒప్పందంలో ఆ నిధికి చోటు దొరకలేదు. 2013లో వార్సా సభ మొదలయ్యే ముందే ఫిలిప్పీన్స్‌ను హయాన్ తుపాను చితక్కొట్టింది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సాన్యో సభలో కళ్లనీళ్లు పెట్టుకుని నిరాహారదీక్ష పట్టాడు. ఆ సభలో వచ్చింది ఒక యంత్రాంగం, కమిటీలు, అధ్యయనాలు. డబ్బు లేదు. 2022లో పాకిస్తాన్ వరదల్లో 3 కోట్ల 30 లక్షల మంది దెబ్బతిన్నారు, నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడు అభివృద్ధి చెందుతున్న దేశాల కూటమికి పాకిస్తానే నాయకత్వం వహించింది. ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సభలో నవంబరు నెలలో ఇలాంటి నష్టాలకు ఒక నిధి పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. మరుసటి ఏడు దుబాయ్ సభ మొదటి రోజే దాన్ని నడిపించడానికి ఆమోదం పడింది. వనువాటు అడిగినప్పుడు పుట్టిన పిల్లలకు అప్పటికి పిల్లలు పుట్టి ఉంటారు.

నిధిలోకి తొలుత ఇస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు. పాకిస్తాన్‌లో ఒక్క వానాకాలం చేసిన నష్టం పక్కన పెట్టి చూడండి. 2025లో అమెరికా ఆ నిధి బోర్డు నుంచి తప్పుకుంది. అదే ఏడు నవంబరులో బ్రెజిల్‌లోని బెలెమ్ సభలో మొదటిసారి దరఖాస్తులు పిలిచారు. మొత్తం ప్రపంచానికి కలిపి 25 కోట్ల డాలర్లు, అందులో కనీసం సగం అతి పేద దేశాలకు, చిన్న దీవులకు. అది న్యాయమే. మన దేశం ఆ వరుసలో వెనక నిలబడాలి, నాకు దాని మీద ఫిర్యాదు లేదు.

నాకు ధైర్యమిచ్చిన కథ కూడా వనువాటు నుంచే వచ్చింది. 2019లో అక్కడి దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 27 మంది లా విద్యార్థులు, ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా తీసుకెళ్లాలని పట్టుబట్టారు. తరగతి గదిలో పుట్టిన అడుగు అది. వాళ్ల ప్రభుత్వం దాన్ని భుజానికెత్తుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఏకగ్రీవంగా కోర్టు అభిప్రాయం కోరింది. 2025 జులై 23న హేగ్‌లో న్యాయమూర్తులందరూ ఒకే మాటగా చెప్పారు: వాతావరణాన్ని కాపాడడం దేశాల బాధ్యత, అది తప్పితే తప్పు చేసినట్టే, నష్టానికి కారణమని తేలితే పరిహారం దాకా పోవచ్చు. అది సలహా అభిప్రాయం, తీర్పులాగా అమలు చేయించలేం. అయినా 51వ పేరా వేసిన గడియ కొంత వదులైంది. కోర్టులో మన దేశం వాదన మాత్రం, ఇప్పటికే ఉన్న ఒప్పందాలను దాటి కొత్త బాధ్యతలు పెట్టొద్దని, సంపన్న దేశాల చారిత్రక బాధ్యతను ముందు చూడమని.

ఇప్పుడా ఓటు దగ్గరికి వస్తాను. మన ప్రతినిధి టి.ఎస్. తిరుమూర్తి మండలిలో చెప్పింది అన్యాయం కాదు. వాతావరణ విషయం మాట్లాడాల్సింది దాదాపు రెండు వందల దేశాలు సమానంగా కూర్చునే సభలో. భద్రతా మండలిలో వీటో ఉన్నవి ఐదు దేశాలే. ఇప్పటిదాకా గాల్లో కలిసిన పొగలో పెద్ద వాటా ఉన్నవాళ్లు ఆ ఐదుగురిలోనే ఉన్నారు. మన దేశంలో ఏడాదికి మనిషికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో దానికి ఆరు రెట్లకు పైనే. విషయం అక్కడికి పోతే ఎవరు ఎవరిని నేరస్తుణ్ని చేస్తారో ఊహించొచ్చు. ఇదంతా ఆలోచించాక ఆ ఓటు మీద నాకున్న కోపం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఎందుకంటే తీర్మానం పెట్టినవాళ్లలో ఒకటి నైజర్, ప్రపంచంలోకెల్లా పేద దేశాల్లో ఒకటి. ఎడారి పక్కన మేత కోసం, నీళ్ల కోసం మనుషులు చంపుకునే చోటు. మాకు ఇది భద్రత విషయమే అని ఆ దేశం చెబుతుంటే, ఇక్కడ కాదు అక్కడ మాట్లాడుకోమని పంపినవాళ్లకు, ఆ అక్కడ పని జరిగేలా చూసే బాధ్యత మిగతావాళ్లకంటే ఎక్కువ.

2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగిన వాతావరణ సభలో మన దేశం ఆ పని చేసింది. పేద దేశాలకు 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు అని అధ్యక్షుడు సుత్తి కొట్టేశాక, మన ప్రతినిధి చాందినీ రైనా ఆ పత్రాన్ని మేం ఒప్పుకోం అని నిండు సభలో చెప్పింది. పేద దేశాలు అడిగింది లక్షా 30 వేల కోట్ల డాలర్లు. ఆ వీడియో షాపులో పని చేసే కుర్రవాడికి కూడా చూపించాను. కారణం కానివాడి నెత్తిన నష్టం పెట్టొద్దు అన్న మాట మన దేశం నోట అంత స్పష్టంగా వినడం నాకు నిజంగా గర్వంగా ఉండింది.

ఆ మాటే నేను ఇంట్లో, అంటే మన దేశం లోపల, అడుగుతున్నాను. గట్టు మీది అక్క తన జన్మలో విమానం ఎక్కలేదు, ఏసీ కొనలేదు. పొగలో ఆమె వాటా ఎంత? నష్టంలో వాటా మాత్రం ఇల్లూ, రెండు ఆవులూ. సంపన్న దేశాలను మనం అడిగే పద్ధతిలోనే ఆమె మనల్ని అడిగితే, పట్టా చూపించు, కళేబరం చూపించు అంటున్నాం. 2024 మార్చి 21న బట్టమేక పక్షి కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు చెడు ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలో సమానత్వం, జీవించే హక్కు చెప్పే 14, 21 అధికరణల్లో ఉందని చెప్పింది. పట్టా ఉన్నవాళ్లకే 21వ అధికరణ అని ఎక్కడా రాసి లేదు.

కౌలు రైతులదీ ఇదే బాధ. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెట్టడానికి యజమాని భయపడతాడు. పంట మునిగితే పెట్టుబడి సాయం పొలం పేరున ఉన్నవాడి ఖాతాలో పడుతుంది, అప్పు మాత్రం దున్నినవాడికి మిగులుతుంది. దీని మీద వేరేగా రాయాలి.

ముందస్తు హెచ్చరిక గురించి కూడా ఒక మాట. ప్రపంచంలో ప్రతి మనిషికీ 2027 నాటికి హెచ్చరిక అందాలని ఐక్యరాజ్య సమితి షర్మ్ ఎల్ షేక్ సభలో ప్రణాళిక పెట్టింది. ఇందులో మా జిల్లాకున్నంత అదృష్టం ఎవరికుంది? 2022లో జిల్లాలు మార్చాక శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోకొచ్చింది. 2024 ఫిబ్రవరిలో వాతావరణం చూసే ఇన్‌శాట్-3డీఎస్, 2025 జులైలో నేల కదలికలు కొలిచే నిసార్ ఉపగ్రహాలు అక్కడి నుంచే పైకి పోయాయి. గాదంకిలో పెద్ద రాడార్ పెట్టి ఏళ్ల తరబడి పై గాలుల్ని కొలుస్తున్నారు. ఇంత ఉండి, ఆ రాత్రి గట్టు మీదికి వచ్చిన హెచ్చరిక ఏమిటంటే, పక్కింటి పిల్లవాడు పళ్లెం మీద గరిటెతో కొట్టుకుంటూ పరిగెత్తడం. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. వెనకటికి చెరువుకు నీరుగట్టి ఉండేవాడు. కట్ట మీద రాత్రంతా లాంతరు పట్టుకుని తిరిగేవాడు, మొరవ పోయేటప్పుడు ఊరికి కబురు చేసేవాడు. ఉపగ్రహం నుంచి మండలం దాకా వచ్చే కబురును గట్టు దాకా మోసే ఆ ఒక్క మనిషికి జీతం ఇవ్వడం ఏ పద్దులో ఉందో నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఆ అక్క ఇప్పుడు రేణిగుంట దగ్గర అద్దె గదిలో ఉంటోంది, ఇళ్లల్లో పనికి పోతోంది. తువాలు జనానికి ఆస్ట్రేలియా ఒప్పందం చేసుకుని ఏడాదికి 280 మందిని తీసుకుంటానంది. 2025లో దరఖాస్తులు తీసుకోవడం మొదలైన కొద్ది రోజుల్లోనే ఆ దేశ జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ మంది పేర్లు ఇచ్చారు. నీళ్లకు ఊరు విడిచినవాళ్లకు 1951 శరణార్థుల ఒప్పందంలో చోటు లేదు గనక అలా వేరే ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. స్వర్ణముఖి గట్టు నుంచి రేణిగుంటకు సరిహద్దు లేదు, వీసా అక్కర్లేదు. అందుకే ఆమె వలస ఏ లెక్కలోనూ లేదు.

ఈ వానాకాలం లోపల రెండు పనులు చేస్తున్నాను. మా చుట్టుపక్కల పాడి ఉన్నవాళ్లకు పాల పుస్తకం ఆఖరి పేజీ, ఆవు పక్కన నిలబడి చెవి పోగు నంబరు కనబడేలా ఒక ఫోటో, ఇంటి ముందు ఒక ఫోటో తీసి దూరపు చుట్టానికి పంపి పెట్టుకోమని చెబుతున్నాను. ఫోన్ మునిగినా చుట్టం దగ్గర ఉంటాయి. రెండోది ఒక అర్జీ. కేంద్ర హోం శాఖకూ, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకూ. అందులో అడిగింది ఇది: ఇంటి నష్టానికి అనుమతి ధ్రువీకరణ బదులు ఆ ఇంటి చిరునామాతో ఉన్న రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఓటరు జాబితా చాలని నిబంధన మార్చాలి. కొట్టుకుపోయిన పశువుకు కళేబరం బదులు పాల కేంద్రం లెక్క, చెవి పోగు నమోదు, గ్రామ సభ ధ్రువీకరణ ఒప్పుకోవాలి. నష్టపోయినవాళ్ల జాబితాను గ్రామ సభలో చదివి వినిపించాకే ఖరారు చెయ్యాలి. 2026 నవంబరులో తుర్కియేలోని అంటాల్యాలో జరిగే సభకు మన ప్రతినిధులు వెళ్లేలోపు ఇది జరిగితే, అక్కడ వాళ్లు అడిగే మాటకు ఇంటి దగ్గర చేసి చూపించిన బలం ఉంటుంది.

అర్జీ రెండు పేజీలు. ఊరు, మండలం, పేరు దగ్గర ఖాళీ వదిలాను. షాపుకొచ్చినవాళ్లకు ప్రింటు తీసిస్తాను, దానికి డబ్బు తీసుకోను. దూరంగా ఉన్నవాళ్లు కింద అడిగితే ఫైలు పంపిస్తాను. మీ ఊళ్లో ఏమి మునిగిందో, ఏ కాగితం లేదని ఎవరికి ఆగిందో ఆ ఖాళీలో మీ మాటల్లోనే రాయండి.